ఇంటి వెనకాల కారు

మొదటిసారి చూసినప్పుడు గుండె ఝల్లుమంది. దాచుకోవడమెందుకు, "అయ్యో!" అని గట్టిగా అరిచాను కూడాను.

అమెరికాలో, అరిజోనా ఎడారి దారిలో, మా అక్క కొడుకు కారు నడుపుతుంటే పక్కన కూర్చుని పోతున్నాను. మా ముందు బస్సంత పొడుగున ఒక బండి. కిటికీలకి పూల పరదాలు, నెత్తిమీద ఎయిర్ కండిషనరు డబ్బా. దాని వెనకాలే, నాలుగైదడుగుల ఎడంలో, ఒక చిన్న ఎర్రకారు. అంత దగ్గరగా ఎందుకు పోతున్నాడో ఈ మనిషి, ముందు బండి ఆగితే ఏమైపోతాడు అనుకుంటున్నాను. మావాడు పక్క వరసలోకి మారి ఆ రెంటినీ దాటబోయాడు. అలవాటు కొద్దీ ఎర్రకారులోకి తొంగి చూశాను. ఎవరూ లేరు! డ్రైవరు సీటు ఖాళీ. అంతలో రోడ్డు వంపు తిరిగింది. ఆ ఖాళీ సీటు ముందున్న స్టీరింగు నెమ్మదిగా, కనబడని చేతులేవో తిప్పుతున్నట్టు, దానంతటదే తిరిగింది.

"ఒరేయ్, అందులో మనిషి లేడురా!" అన్నాను.

"ఉండడు పిన్నీ. ఆ కారుని ముందు బండికి కట్టి లాక్కుపోతున్నారు. ముందున్నది బస్సు కాదు, ఇల్లు," అన్నాడు వాడు తాపీగా.

ఇల్లేమిటంటే, మోటారు హోమ్. లోపల వంటగది, పడకగది, స్నానాలగది అన్నీ ఉంటాయి. ఉద్యోగం నుంచి రిటైరయిన మొగుడూ పెళ్ళాలు ఉన్న ఇల్లు అమ్మేసి ఇందులోనే కాపురం పెట్టి, ఎండాకాలం ఉత్తరానికీ చలికాలం దక్షిణానికీ వలసపోతుంటారట, కొంగల్లాగా. అంతా బాగానే ఉంది గాని, ఇల్లే చక్రాలమీద నడుస్తుంటే వెనకాల మళ్ళీ కారెందుకు? ఆ మాటే అడిగాను.

"పాలు అయిపోతే ఇల్లంతా వేసుకుని కొట్టుకెళ్తారా పిన్నీ?"

నిజమే సుమా! మకాం వేసిన చోట ఇంటికి కరెంటు తీగ తగిలిస్తారు, నీళ్ళ గొట్టం బిగిస్తారు, మురుగు గొట్టం పెడతారు, బండి ఒరగకుండా అడుగున దన్నులు దింపుతారు. ఇవన్నీ ఊడదీసి, గిన్నెలు సర్ది, ముప్ఫై నలభై అడుగుల పొడుగు బండిని పాల పాకెట్టు కోసం బజారు సందులో తిప్పే ఇల్లాలు ఎక్కడుంది? అందుకని ఇంటిని ఒకచోట నిలబెట్టి, తిరగడానికి చిన్నకారు వాడుకుంటారు. ఆ కారుకి వాళ్ళు ముద్దుపేర్లు కూడా పెట్టుకున్నారు. లాగబడేదాన్ని ఇంగ్లీషులో 'టోడ్' అంటారు, అదే ఉచ్చారణలో గోదురుకప్పకీ పేరుంది గనక కప్ప అని సరదాగా పిలుచుకుంటారు. కొందరు 'డింగీ' అంటారు, అంటే పెద్ద ఓడకి కట్టి ఉంచే చిన్న పడవ. కప్ప కంటే పడవే నాకు నచ్చింది. పడవకైతే వెనక్కి చూసే సరంగు ఉంటాడు గదా అని.

మా అమ్మమ్మ కాపురానికి వెళ్ళినప్పుడు అరణమిచ్చిన ఆవుని బండి వెనకాల పలుపుతో కట్టి పంపారట. దారిపొడుగునా మా అమ్మమ్మ మేనత్త బండి వెనక అంచున, కాళ్ళు బయటికి వేలాడేసి, ఆవు మొహంలోకి చూస్తూ కూర్చుందట. ఆవు మొరాయిస్తే, కాలు మడతపడితే, "ఆగరా అబ్బీ!" అని కేకెయ్యడం ఆవిడ పని. కేకెయ్యకపోయినా కొంతవరకు ఫరవాలేదు. ఆవు వెనక్కి గుంజితే ఆ గుంజు ఎద్దుల మెడకి తెలుస్తుంది, బండివాడికి తెలుస్తుంది. ఈ మోటారు ఇంటికి అదే లేదు. పది టన్నుల బండిని లాగే ఇంజనుకి వెనకున్న టన్నున్నర కారు ఒక లెక్కలోది కాదు. దాని టైరు పేలినా, హ్యాండ్ బ్రేకు పడి చక్రాలు తిరగక రోడ్డుకి రాసుకుపోతున్నా, ముందు కూర్చున్నవాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు. పక్కనుంచి పోయేవాళ్ళెవరో హారను మోగించి, వేలు చూపిస్తే అప్పుడు తెలియాలి. అప్పటికి ఒక్కోసారి పొగ, ఒక్కోసారి మంట.

మనిషి లేని కారుని మనిషి ఉన్న ఇంటికి కట్టి రోడ్డుమీద క్షేమంగా తీసుకుపోవడం జనం ఎలా నేర్చుకున్నారో చూద్దామని పుస్తకాలు తిరగేస్తే, అదొక పెద్ద కథే అయింది.

కథ గొప్పింటివాళ్ళతో మొదలవుతుంది, చాలా కథల్లాగే. 1910లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన ప్రదర్శనలో, బఫెలో నగరానికి చెందిన పియర్స్ యారో కంపెనీవాళ్ళు 'టూరింగ్ లాండో' అనే కారు పెట్టారు. వెనక సీటు వాలిస్తే పడక. డ్రైవరు సీటు వీపున మడతపెట్టిన చేతులు కడుక్కునే తొట్టి. కాలకృత్యాలకి ఓ పాత్ర కూడా ఉంది, వివరాలు అనవసరం. అయ్యగారు వెనక నుంచి డ్రైవరుతో మాట్లాడటానికి టెలిఫోను! వెనక నుంచి ముందుకి కబురందే ఏర్పాటు ఆ తొలి బండిలోనే ఉందని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

అయిదేళ్ళ తర్వాత, 1915లో, రోలండ్ కాంక్లిన్ అనే బస్సు కంపెనీ ఆసామి, పెళ్ళాం పిల్లలతో న్యూయార్కు దగ్గరి హంటింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా ఒక ఇరవై అయిదడుగుల బండిలో ప్రయాణం చేశాడు. బరువు ఎనిమిది టన్నులట. పైకప్పుమీద కూర్చుని గాలి పీల్చుకునేందుకు తోటలాంటి ఏర్పాటు. దానికి 'జిప్సీ వాన్' అని పేరు పెట్టారు. అసలు జిప్సీలు చూస్తే నవ్వుకునేవారో, ఏడ్చేవారో! అప్పటికింకా సరైన రోడ్లు లేవు. ఎనిమిది టన్నులు బురదలో దిగితే ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

బురద అంటే ఇంకో మనిషి గుర్తొస్తాడు. లాగుడు విద్యకి మూలపురుషుడు ఆయనే. టెనెసీ రాష్ట్రంలో చట్టనూగా అనే ఊళ్ళో ఎర్నెస్ట్ హోమ్స్ అని ఒక మెకానిక్కు ఉండేవాడు. 1916లో తెలిసినాయన ఫోర్డు కారు వాగులో పడింది. ఆరుగురు మనుషులు, మోకులు, దుంగలు పెట్టి గంటల తరబడి లాగితే గాని పైకి రాలేదు. హోమ్స్ ఇంటికొచ్చి ఆలోచించి, పాత 1913 నాటి కాడిలాక్ కారుమీద మూడు కర్రలు నిలబెట్టి, గిలకా గొలుసూ బిగించాడు. పడిపోయిన కార్లని లాక్కొచ్చే బండి అలా పుట్టింది. ఆ వూళ్ళో ఇప్పుడు ఈ విద్యకో మ్యూజియం ఉంది. అందులో బళ్ళకంటే నన్ను పట్టి నిలిపిన సంగతి, మ్యూజియం దగ్గరున్న ఒక గోడ. రోడ్డు పక్క కారు తగిలించుకుంటూ, వెనకనుంచి వచ్చిన బళ్ళు కొట్టి చనిపోయిన లాగుడు బళ్ళవాళ్ళ పేర్లు దానిమీద చెక్కుతారట. కారుని కారుకి కట్టడం చూడటానికి చిన్నపనిలాగే ఉంటుంది.

ఇక మామూలు జనం. 1919లో ఫ్లోరిడాలోని టాంపా ఊరి పార్కులో గుడారాలు వేసుకున్న యాత్రికులు ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు 'టిన్ కాన్ టూరిస్టులు', అంటే డబ్బా యాత్రికులు. ఒకరినొకరు గుర్తుపట్టడానికి కారు ముందు రేడియేటరు మూతకి ఖాళీ డబ్బా అతికించుకునేవారు. వీళ్ళ రోజుల్లో కారు ముందు, ఇల్లు వెనక. ఇల్లంటే చక్రాలమీద గుడారం, లేకపోతే చెక్కపెట్టె. ఆ చెక్కపెట్టె కథ చెప్పి తీరాలి, ఎందుకంటే అది అచ్చంగా సంసారం కథ. డెట్రాయిట్‌లో ఆర్థర్ షెర్మన్ అని సూక్ష్మజీవుల శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. అయిదు నిమిషాల్లో నిలబడుతుందని చెప్పి అమ్మిన గుడారపు బండి ఒకటి కొనుక్కుని సెలవులకి సంసారంతో బయల్దేరాడు. మొదటి రాత్రే వాన. అయిదు నిమిషాల గుడారం గంటకి గాని నిలబడలేదు. అందరూ నిలువునా తడిశారు. (అమ్మేవాడి అయిదు నిమిషాలకీ, కొన్నవాడి అయిదు నిమిషాలకీ తేడా ఏ దేశంలోనైనా ఒకటే!) ఆయన పట్టుదలకొద్దీ 1929లో గట్టి గోడలున్న పెట్టె చేయించాడు. పిల్లలు వేళాకోళంగా దానికి 'కవర్డ్ వాగన్' అని పేరు పెట్టారు, పూర్వం పడమటికి వలసపోయినవాళ్ళ గూడుబండి అన్నమాట. ఆ పేరుతోనే కంపెనీ పెట్టాడు. కొద్దేళ్ళలో అమెరికాలో అలాంటి ఇళ్ళు చేసే కంపెనీలన్నింటికీ అదే పెద్దదయింది.

1936 నాటికి ఈ పిచ్చి ఎంత ముదిరిందంటే, రోజర్ బాబ్సన్ అనే పేరుమోసిన ఆర్థికజ్యోతిష్కుడు, ఇంకో ఇరవై ఏళ్ళలో అమెరికా జనంలో సగంపైగా లాగుడు ఇళ్ళలోనే కాపురముంటారని చెప్పేశాడు. పాపం, అది జరగలేదు. కాని ఆ కాలంలో జరిగిన మంచి ఏమిటంటే, వెనకున్న ఇంటికి కూడా సొంత బ్రేకులుండాలని జనానికి తెలిసింది. విస్కాన్సిన్‌లోని బెలాయిట్‌లో ఎ. పి. వార్నర్ అనే ఆయన 1927లోనే ఇందుకోసం కరెంటు బ్రేకుల కంపెనీ పెట్టాడు. ముందు కూర్చున్నవాడు నొక్కితే వెనక చక్రాలు పట్టుకుంటాయి.

ఇప్పుడు కథ తలకిందులవుతుంది. 1958లో మిషిగన్‌లో రే ఫ్రాంక్ అనే ఆయన సెలవుల కోసం తన కుటుంబానికి ఇల్లూ ఇంజనూ ఒకటే అయిన బండి కట్టాడు. 'మోటార్ హోమ్' అనే మాట ఆయనదే అంటారు. చూసినవాళ్ళు మాకూ కావాలన్నారు. తర్వాత 1966లో అయోవా రాష్ట్రపు చిన్న ఊరు ఫారెస్ట్ సిటీలో, జాన్ హాన్సన్ నడిపే విన్నిబాగో కంపెనీ, తక్కిన వాళ్ళ ధరలో ఇంచుమించు సగానికి మోటారు ఇళ్ళు తయారుచేసి గుట్టలుగా అమ్మింది. కలవారి సరదా మధ్యతరగతి వాకిట్లోకొచ్చింది. కారు ఇంటిని లాగే రోజులు పోయి, ఇల్లే కారుని లాగే రోజులొచ్చాయి.

ఇక్కడే చిక్కంతా. ఇల్లు వెనకున్నప్పుడు దాన్ని లాగబడటానికే చేశారు. దాని చక్రాలు, దాని బ్రేకులు, దాని కొక్కెం అందుకోసమే పుట్టినవి. కారు అలా పుట్టలేదు. కారు తనంతట తాను పోవడానికి పుట్టింది. దాన్ని ఇంకోదాని వెనక తోకలా కట్టినప్పుడు, దాని ఒంట్లో ప్రతి భాగమూ ఎదురుతిరుగుతుంది.

ముందుగా కట్టడం సంగతే చూడండి. నా చిన్నప్పుడు మా నాన్నగారి అంబాసిడర్ కారు ఊరి బయట ఆగిపోతే, లారీవాడెవరో మోకు కట్టి లాగాడు. నాన్నగారు స్టీరింగు పట్టుకుని, ప్రాణాలన్నీ బ్రేకుమీద పెట్టుకుని కూర్చున్నారు. లారీ ఆగిన ప్రతిసారీ ఈయన ఆపకపోతే కారు వెళ్ళి దాని వెనక్కి గుద్దుకుంటుంది. మోకు లాగగలదు గాని ఆపలేదు. మనిషి కూర్చోని కారుకి మోకు పనికిరాదు. కడ్డీ కావాలి. త్రికోణం ఆకారంలో, కొస ముందు బండి కొక్కేనికి, రెండు కాళ్ళు కారుకి ముందువైపు రెండు పక్కలా పట్టుకునే ఇనప కడ్డీ. యుద్ధకాలపు జీపులకి అలాంటి ఏర్పాటు ఉండేది. తర్వాత మామూలు కార్లకి కడ్డీని ముందు బంపరుకే బిగించేవారు. ఆనాటి బంపర్లు ఉక్కువి గనక ఆగాయి. 1973 నుంచి అమెరికా ప్రభుత్వం మెల్లగా గుద్దుకున్నా కారు దెబ్బతినకుండా బంపర్లు దెబ్బని మింగేలా ఉండాలంది. నెమ్మదిగా ఉక్కు పోయి ప్లాస్టిక్ తొడుగొచ్చింది. పైకి కనబడే ఆ తొడుగుకి కడ్డీ కడితే కడ్డీ ముందుకి, కారు వెనక్కి! అందుకని ఇప్పుడు బంపరు వెనకాల, కారు చట్రానికే ఉక్కుపట్టీ బోల్టులతో బిగించి, దానికి కడ్డీ తగిలిస్తారు. ఒక్కో కారు మోడలుకి ఒక్కో పట్టీ.

ఆ కడ్డీ నేలకి సమంగా, వాలు లేకుండా ఉండాలి. మూడు నాలుగు అంగుళాలు తేడా ఉంటే ఫరవాలేదంటారు. అంతకు మించి ఏటవాలుగా ఉంటే, ముందు బండి బ్రేకు వేసినప్పుడు వెనక కారు దాన్ని నెట్టడంతో పాటు పైకో కిందికో ఎత్తుతుంది.

నన్ను భయపెట్టిన స్టీరింగు తిరగడం మాత్రం దయ్యం పని కాదు. టీ ట్రాలీని తోసినప్పుడు దాని చిన్న చక్రాలు మనం పోయే వైపుకి వాటంతటవే తిరుగుతాయి చూడండి, కారు ముందు చక్రాలని కూడా అలాగే కాస్త వాలుగా అమరుస్తారు. లాగేవాడెటు పోతే అటు తిరుగుతాయి, వాటితో స్టీరింగూ తిరుగుతుంది. కాని అదే ట్రాలీని వెనక్కి లాగండి, చక్రాలు గిర్రున అడ్డం తిరుగుతాయి. నాలుగు చక్రాలూ నేలమీదున్న కారుని కట్టుకుని వెనక్కి పోవడం అందుకే నిషిద్ధం. ముందు చక్రాలు అడ్డం పడి, టైర్లు పక్కకి ఈడ్చుకుపోయి, కడ్డీ వంగుతుంది. తప్పుసందులోకి దూరిన పెద్దమనిషి అక్కడే దిగి, కారు విప్పి, ఇంటిని వెనక్కి తీసి, మళ్ళీ కట్టుకోవాలి. వెనక బళ్ళు హారన్లు కొడుతుంటే, భార్యాభర్తల మధ్య ఆ పది నిమిషాల్లో ఎలాంటి సంభాషణ జరుగుతుందో ఒక నవలాకారిణిగా నేను ఊహించగలను.

అన్నిటికంటే కడుపుకోత గేరుబాక్సుది. చేత్తో గేర్లు మార్చుకునే పాతకాలపు కారు అయితే, న్యూట్రల్‌లో పెట్టి లాగినా చాలావాటికి ఇబ్బంది లేదు. లోపల పళ్ళచక్రాలు నూనెలో మునుగుతూ తిరుగుతూ ఆ నూనె అవే చిలకరించుకుంటాయి. 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్‌తో, దానంతటదే గేర్లు మార్చుకునే ఆటోమేటిక్ బాక్సు వచ్చింది. అందులో నూనె తిప్పడానికి పంపు ఉంటుంది. ఆ పంపుని తిప్పేది ఇంజను. ఇంజను ఆపేసి కారుని లాగితే చక్రాలు గేరుబాక్సులో కొంత భాగాన్ని తిప్పుతూనే ఉంటాయి, నూనె మాత్రం రాదు. ఎండలో చెప్పుల్లేకుండా మైళ్ళకి మైళ్ళు నడిపించడమే. లోపల కాలి, మాడి, పట్టేసుకుంటుంది. బయటికి ఏమీ కనబడదు. మకాం చేరాక కారు స్టార్టు చేస్తే అప్పుడు తెలుస్తుంది.

విచిత్రమేమిటంటే, ఆ రోజుల్లో చాలా ఆటోమేటిక్ బాక్సుల్లో వెనకవైపు ఇంకో పంపు కూడా ఉండేది. చక్రాలు తిరిగితే అది తిరిగేది. బ్యాటరీ చచ్చిపోతే కారుని తోసి స్టార్టు చేసుకోవడానికి దాన్ని పెట్టారు. 1960ల మధ్యలో, ఇంకెవరు తోస్తున్నారులే, ఖర్చు దండగ అని తీసేశారు. క్రైస్లర్ కంపెనీ 1966 మోడళ్ళలో తీసేసింది. సరిగ్గా ఆ సంవత్సరమే విన్నిబాగో మోటారు ఇల్లు బజారుకొచ్చింది! లాగేవాళ్ళు పెరగబోయే సమయానికి, లాగడానికి అక్కరకొచ్చే పంపు పోయింది. ఎవరూ కావాలని చేసిన తప్పు కాదు. ఒకరి లెక్కలో ఇంకొకరి అవసరం కనబడలేదు, అంతే.

తర్వాత తాళం. దొంగల భయానికి జనరల్ మోటార్స్‌వాళ్ళు 1969 మోడళ్ళలో తాళంచెవి తీస్తే స్టీరింగు బిగుసుకునే ఏర్పాటు పెట్టారు. మరుసటేడు 1970 నుంచి దొంగతనాలకి అడ్డు ఉండాలని చట్టమే వచ్చింది. దొంగకి తాళం పడింది, బాగుంది. కాని లాగబడే కారుకి స్టీరింగు బిగుసుకుంటే, వంపు దగ్గర చక్రాలు తిరగవు, టైర్లు అరుగుతాయి, కారు అడ్డం తిరుగుతుంది. అందుకని తాళంచెవి పెట్టి, తాళం ఊడేంతవరకు ఒక మెట్టు తిప్పి వదలాలి. అలా వదిలితే బ్యాటరీ కారిపోతుంది. అదొక తంటా.

1980లలో చిన్నకార్లు చాలావరకు ముందు చక్రాలు నడిపించేవి అయిపోయాయి. గేరుబాక్సు ముందు చక్రాలకే అతుక్కుని ఉంటుంది. అలాంటివాటికి 'డాలీ' అనే రెండు చక్రాల చిన్న బండి వాడతారు. కారు ముందు కాళ్ళు దానిమీద ఎక్కించి, పట్టాలతో బిగిస్తారు. వెనక చక్రాలే నేలమీద దొర్లుతాయి. గేరుబాక్సుకి విశ్రాంతి. కాని మకాం చేరాక ఆ డాలీని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సమస్య, మన ఇళ్ళలో పెళ్ళినాటి పందిరిమంచంలాగా.

అందుకే మోటారు ఇళ్ళవాళ్ళు కారు కొనేటప్పుడు అందం చూడరు, రంగు చూడరు, ముందు ఓనర్స్ మాన్యువల్ తీసి, లాగవచ్చా లేదా అన్న పేజీ చదువుతారు. ఒకప్పుడు ఫోక్స్‌వాగన్ బీటిల్ అంటే ప్రాణం: ఎనిమిది వందల కిలోల చిల్లర, చేతి గేర్లు, ఇంజను వెనక. తర్వాత జీపులు, వాటిల్లో చక్రాలకీ గేరుబాక్సుకీ సంబంధం తెంపేసే పెట్టె వేరే ఉంటుంది. కాని ఆ పెట్టెని న్యూట్రల్‌లో పెట్టడం మరిచి, తక్కువ గేరులో వదిలేసి హైవే ఎక్కినవాళ్ళున్నారు. ఇంజను ఆపే ఉందనుకుంటారు. చక్రాలే దాన్ని తిప్పుతాయి, అది ఓర్చుకోగలిగినదానికి ఎన్నో రెట్ల వేగంతో. కొద్ది మైళ్ళలోనే ఇంజను పగిలిపోతుంది. ఒక్క లివరు! సాటర్న్ అనే కంపెనీ చిన్నకార్లని ఆటోమేటిక్ అయినా లాగనిచ్చేవారు. 2010లో ఆ కంపెనీ మూతపడింది. హోండా సి.ఆర్.వి. కొన్నాళ్ళు అందరికీ ముద్దుబిడ్డ. 2015 మోడలులో కొత్తరకం గేరుబాక్సు పెట్టి లాగకూడదన్నారు. అప్పట్నుంచి 2014 నాటి పాత సి.ఆర్.వి.ల కోసం జనం వెతుక్కుంటున్నారు.

ఇవన్నీ డబ్బు నష్టాలు. ప్రాణాలమీదికొచ్చేది బ్రేకు.

మా అక్క కొడుకు ఇంజనీరు. ఒక లెక్క వేసి చూపించాడు. గంటకి అరవై మైళ్ళ వేగంతో పోయే కారులో ఎంత ఊపు ఉంటుందంటే, అదే కారుని సుమారు 120 అడుగుల ఎత్తునుంచి, అంటే పన్నెండు అంతస్తుల మేడ మీదనుంచి, కింద పడేస్తే నేలకి తగిలేటప్పుడు ఎంత ఉంటుందో అంత. ఇల్లు ఆగాలంటే తన ఊపు కాక వెనకున్న దీని ఊపు కూడా తన బ్రేకులతోనే చంపుకోవాలి. కొండ దిగుతున్నప్పుడు చెప్పనే అక్కర్లేదు. ఆగడానికి పట్టే దూరం పెరుగుతుంది. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. అమెరికాలో రాష్ట్రానికో చట్టం. చాలాచోట్ల 3,000 పౌండ్లు దాటినదానికి సొంత బ్రేకు ఉండాలంటారు. ఇప్పటి కార్లు సులువుగా ఆ బరువు దాటుతాయి.

మరి కారుకి బ్రేకులు లేవా? ఉన్నాయి. నాలుగు చక్రాలకీ నాలుగున్నాయి. నొక్కడానికి కాలే లేదు! 1927 నాటి వార్నర్‌కి లేని చిక్కు ఇది. ఆయన ఇంటికి బ్రేకు లేదు, తగిలించాడు. ఇక్కడ బ్రేకు ఉంది, పాదం లేదు. చాలాకాలం మనవాళ్ళు, అంటే లాగేవాళ్ళు, ఆ సంగతి పట్టించుకోకుండా ఇంటి బ్రేకుల మీద భారం వేసి తిరిగారు. తర్వాత తర్వాత పాదాలు వచ్చాయి. డ్రైవరు సీటు ముందు నేలమీద పెట్టే ఒక పెట్టె, దానికొక ఇనప చెయ్యి. ముందు బండి వేగం తగ్గితే ఆ తగ్గుదల పసిగట్టి, పెడలుని నొక్కుతుంది. ఇంకొన్నింటిలో ముందు బండి బ్రేకుల గాలినే గొట్టం ద్వారా వెనక్కి పంపిస్తారు. కొన్నింటిలో ఇంటి డ్రైవరు ముందు ఒక చిన్న దీపం కూడా ఉంటుంది, వెనక కారులో బ్రేకు పడినప్పుడు అది వెలుగుతుంది. 1910 నాటి టెలిఫోను గుర్తుంచుకోమన్నాను చూశారా, అది మళ్ళీ వచ్చింది. అయ్యగారి బదులు ఖాళీ కారు మాట్లాడుతోంది.

కడ్డీ విరిగితే? అందుకు రెండు గొలుసులు. కడ్డీ కింద ఒకదానిమీదొకటి అడ్డంగా వేస్తారు. కడ్డీ జారిపడితే నేలలో గుచ్చుకోకుండా ఉయ్యాలలా పట్టుకుంటాయి. గొలుసులు కూడా తెగితే? ఒక సన్నటి తీగ. కారు విడిపోయి అది గుంజుకున్న క్షణాన కారులో బ్రేకు దానంతటదే పడుతుంది. ఎదురుగా వచ్చే ఏ తల్లీ పిల్లల కారుమీదికో ఈ ఖాళీ కారు దూసుకుపోకుండా ఉండటానికి ఆ తీగే ఆఖరి దిక్కు. అన్నింటిలోకి చవకదీ అదే.

ఆ సాయంత్రం మేం పెట్రోలు కోసం ఆగిన చోట ఎర్రకారు ఇల్లు మళ్ళీ కనబడింది. డెబ్బై దాటిన దంపతులు. నేను ఆసక్తిగా చూస్తుంటే ఆవిడే నవ్వి పలకరించింది. బయల్దేరబోతూ ఆయన లోపల కూర్చున్నాడు, ఆవిడ వెనకాల నిలబడింది. ఆయన బ్రేకు తొక్కితే ఎర్రకారు దీపాలు వెలిగాయా, ఎడమది, కుడిది, అని కేకలేసి చెప్పింది. వంగి గొలుసులు పట్టి చూసింది. కారులోకి తల పెట్టి తాళంచెవి, గేరు, హ్యాండ్ బ్రేకు ఒకటికి రెండుసార్లు చూసింది. ఆయన కాస్త విసుక్కున్నట్టున్నాడు, లోపలనుంచి ఏదో అన్నాడు. ఈవిడ వినిపించుకోలేదు. బండి కదిలింది. ఆవిడ దాని పక్కనే పదడుగులు నడిచింది, కారు నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయో లేదో ఒక్కొక్కటే చూస్తూ. నాలుగోది కూడా చూశాక బొటనవేలు పైకెత్తింది. బండి ఆగింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా మెట్లెక్కి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

"రోజూ ఇంతేనా?" అని అంతకుముందు ఆవిణ్ణి అడిగాను.

"ఆగిన ప్రతిసారీ," అంది. "ఒకసారి చూడలేదు. నాలుగు టైర్లు కొన్నాం."